కడుపా, పొట్టా?

రవాణా సంస్థలో ఆత్మవిశ్వాసం తగ్గిపోయిందని రాజధానిలో కూర్చున్న పెద్దలు కనిపెట్టారు. బస్సులకు బ్రేకులు తగ్గాయి. కిటికీలకు అద్దాలు తగ్గాయి. అవి కంటికి కనబడేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కంటికి కనబడనిది ఆత్మవిశ్వాసం ఒక్కటే. దాని మీద పడ్డారు.

ఎవరిలో తగ్గిందని విచారిస్తే, కాన్పు సెలవు ముగించుకొని వచ్చే ఆడకండక్టర్లలో తగ్గిందని తేలింది. ఎందుకు తగ్గిందని విచారిస్తే, కాన్పు తర్వాత మిగిలిపోయే పొట్ట వల్లనని తేలింది. పొట్ట తగ్గించడం సంస్థ చేతిలో లేదు. పొట్ట కనబడకుండా బట్టలు కట్టించడం సంస్థ చేతిలో ఉంది. ఆ మేరకు ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ తయారై అన్ని డిపోలకూ వెళ్లింది.

కోటదిబ్బ డిపోకు అది చేరేసరికి అక్కడ తెలుగు వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆ వారంలో ఇంగ్లీషు కాగితం గోడకు అంటిస్తే సంజాయిషీ రాసుకోవాలి. సూపరింటెండెంటు విశ్వపతి గారు దాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నారు. విశ్వపతి గారు చొక్కా తగిలించే కొక్కెంలా ఉంటారు. ఆయన రూల్సు తప్ప వేరే ఏదైనా తింటారని డిపోలో ఎవరికీ నమ్మకం లేదు.

"ఉదరము అని రాశానండి," అన్నారాయన, డిపో మేనేజరు భుజంగరావు గారి ముందు కాగితం పెట్టి.

భుజంగరావు గారికీ ఆయన బల్లకూ మధ్య ఆయన పొట్ట ఉంటుంది. ఆయన ముందుకు జరిగితే బల్ల వెనక్కి జరుగుతుంది.

"ఉదరమేంటయ్యా, శ్లోకమా? జనం మాటలో రాయమన్నారు."

"పోనీ, పొట్ట అందామాండి?"

"ఛీ ఛీ. ఆడకూతుళ్లను పట్టుకుని పొట్ట అంటారా? పొట్ట మగాళ్లకుంటుంది. గౌరవంగా కడుపు అనండి. నీ కడుపు చల్లగా అని దీవిస్తాం. నీ పొట్ట చల్లగా అని ఎవడైనా దీవిస్తాడా?"

విశ్వపతి గారు ఆలోచించి చూశారు. ఎవడూ దీవించడు. కడుపు అని రాశారు.

"ఇంకోటండి. ఇందులో మహిళా సిబ్బంది అని ఉంది. ఆడ మగ తేడా చూపే మాట ఏ సర్క్యులర్లోనూ ఉండరాదని నిరుడు ఆర్డరు వచ్చింది."

"అయితే మహిళను కొట్టేయండి."

కొట్టేశారు. కడుపు అన్నాక దానికి ఉన్న రూలు కూడా చెప్పాలి కదా అని విశ్వపతి గారు చివర సొంతంగా ఒక వాక్యం చేర్చారు. సాయంత్రానికి గోడ మీద ఇలా ఉంది:

'సిబ్బంది యావన్మందీ కడుపు కనిపించని విధముగా దుస్తులు ధరించి, ఆత్మవిశ్వాసముతో విధులకు హాజరు కావలెను. కడుపు ఉన్నట్లు కనిపించినచో బస్సు ఎక్కనీయరాదు. అట్టివారికి కడుపుతో ఉన్నవారికి వర్తించు సెలవు, జీతముతో సహా, మంజూరు చేయవలెను.'

ఆ కాగితం గోడెక్కిన మర్నాడు సత్యవేణి డ్యూటీలో చేరాలి.

సత్యవేణి లంకగ్రామాల బస్సు కండక్టరు. పిల్లను కన్న దగ్గర్నుంచీ ఆమెకు ఇంట్లో ఊపిరాడడం లేదు. వచ్చినవాళ్లు ముందు ఉయ్యాల్లో పిల్లను చూస్తారు. తర్వాత తన పొట్ట చూస్తారు. ఇంకోటి లోపలే ఉండిపోయిందేమోనే అని ఒకావిడ అననే అంది. నలుగురూ నవ్వారు, సత్యవేణీ నవ్వింది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. బస్సెక్కి, కమ్మీ పట్టుకుని, బండి ఆపమని గొంతెత్తి 'హోల్డాన్' అని ఒక్క కేక వేస్తే తప్ప తను మళ్లీ తను కాదని ఆమెకు తోచింది.

ఖాకీ కోటు తొడిగి చూసింది. రెండు అంచులూ దూరపు చుట్టాల్లా నిలబడ్డాయి. పక్క కుట్లు విప్పి, లోపల గుడ్డ అతికి, గుండీలు జరిపి కుట్టుకుంది. అత్తగారు చిట్టెమ్మ పాత పంచె తెచ్చి నడికట్టు బిగించింది.

"ఊపిరి తీసుకో అమ్మాయ్."

"తీసుకుని ఎక్కడ పెట్టనత్తా, చోటేదీ?"

"మా రోజుల్లో ఇంతకన్నా బిగించేవోరు."

"అందుకే కాబోలు మావయ్యగారి మీద అలా అరిచేవోరు."

చిట్టెమ్మ అటు తిరగ్గానే సత్యవేణి ముడి కొంచెం వదులు చేసుకుంది. సన్నపూల ముదురునీలం నేతచీర కట్టి, పైన కోటు వేసుకుని, అద్దం ముందు నిలబడింది. చేతిసంచి పొట్టకు అడ్డం పెట్టుకుంది. కనబడలేదు. తీసింది. కనబడింది. ఉంటే ఉందిలే అనుకుని సంచి భుజానికి తగిలించుకుంది.

డిపోలో విశ్వపతి గారు సిద్ధంగా ఉన్నారు. కడుపు ఉందో లేదో తేల్చడానికి రాజధాని ఏ పరికరమూ పంపలేదు. అందుకని ఆయన ప్రహరీ కడుతున్న తాపీ మేస్త్రీని అడిగి, గోడ నిలువు చూసే గుండు దారం తెప్పించి పెట్టుకున్నారు.

"దారం కొస మెడ దగ్గర పట్టుకోండమ్మా. గుండు కిందికి వదలండి. తిన్నగా దిగాలి."

తిన్నగా దిగలేదు. మధ్యలో ఆగి, పొట్ట మీద ఒరిగి, కాసేపు సేదతీరి, అప్పుడు దిగింది.

"కడుపుంది," అన్నారు విశ్వపతి గారు.

"కడుపు లేపోతే తిన్నదెక్కడికెళ్తాదండి?"

"ఉందని ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోడానికేముందండి, అందరికీ ఉంటాది."

"అందరి సంగతి వద్దు." ఆయన రాసుకున్నారు. 'కడుపుతో ఉన్నట్లు ఉద్యోగి స్వయముగా అంగీకరించినది.'

కాగితం తలకిందులుగా ఉన్నా సత్యవేణి చదివేసింది.

"అయ్యబాబోయ్, కడుపుతో ఉండడమేంటండి! కాన్పయిపోయింది. పిల్ల పుట్టింది. మా అత్తగారు గేటు కాడ ఎత్తుకుని నించుంది, పిలవమంటారా?"

"పిల్ల సంగతి సర్క్యులర్లో లేదమ్మా. పిల్ల పిల్లే. కడుపు కడుపే."

"ఇది కడుపు కాదండి, పొట్ట."

"పొట్ట అనే మాట మన రికార్డుల్లో లేదు. మీకు కాన్పు సెలవు మంజూరైంది."

"కాన్పు సెలవు నుంచే కదండీ వచ్చింది!"

"మళ్లీ వెళ్తారు. శుభాకాంక్షలు."

ఆమె గేటు దాకా వచ్చేసరికి వార్త ముందే వచ్చి ఉంది. చిట్టెమ్మ పిల్లను భుజాన వేసుకుని మూతి ముడుచుకుంది.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం అమ్మాయ్?"

"నిజం కాదత్తా!"

"ఆపీసోళ్లు కాయితం మీద రాశారంట కదా?"

సత్యవేణి వెనక్కి తిరిగి, నేరుగా భుజంగరావు గారి గదిలోకి వెళ్లింది. నాకు సెలవొద్దు, బస్సు కావాలి అంది. భుజంగరావు గారు దయగల మనిషి. సెలవు వద్దనే ఉద్యోగిని ఆయన ఇంతవరకు చూడలేదు. కొంత భయపడ్డారు కూడా.

"తొందరపడకమ్మా. ఆత్మవిశ్వాస సలహాదారు గారిని పట్నం నుంచి పిలిపించాం. ఆవిడ నిన్ను తీర్చిదిద్దుతారు. కడుపు కనబడదు, ఆత్మవిశ్వాసం కనబడుతుంది. అప్పుడు బస్సు ఇస్తాం."

సలహాదారు పేరు ప్రణతి మేడమ్. ఆవిడ సిద్ధాంతం ఒక్కటే: చూపు మళ్లించాలి. చూసేవాడి చూపు ముఖం దగ్గర ఆగాలి, కిందికి దిగకూడదు. దిగినా సన్నగా దిగాలి.

ఖాకీ కోటు మీద మెడ నుంచి మోకాలి దాకా పసుప్పచ్చ పట్టీలు నిలువుగా కుట్టించింది. నిలువు గీతలు మనిషిని సన్నగా చూపిస్తాయట. భుజం మీద క్యాబేజీ అంత గుడ్డపువ్వు పెట్టించింది. కాషాయం, ఎరుపు కలిసిన రంగు.

"మేడమ్, ఈ గీతలు పొట్ట దగ్గరకొచ్చేసరికి వంకర తిరుగుతున్నాయండి."

"ఆత్మవిశ్వాసం ఉంటే తిరగవు. గడ్డం పైకెత్తండి."

"గడ్డం ఎత్తితే బస్సు మెట్టు కనబడదండి."

"మెట్టు మీకు కనబడటం ముఖ్యం కాదు. మీరు మెట్టుకి ఎలా కనబడుతున్నారనేది ముఖ్యం."

సత్యవేణి మెట్టు వైపు చూసింది. దానికేమీ అభిప్రాయం ఉన్నట్టు లేదు.

పరీక్షకని లంకల బస్సులో ఒక ట్రిప్పు పంపారు. డ్రైవరు ఏసుబాబు. తాటాకు చీలికలాంటి మనిషి, స్టీరింగు వెనక కూర్చుంటే బయటివాళ్లకు బస్సు ఒక్కటే వెళ్తున్నట్టు ఉంటుంది. ఏసుబాబు ఆమెను పువ్వు నుంచి పట్టీల కొస దాకా చూశాడు.

"సెల్లెమ్మా," అన్నాడు చివరకు, "మేళం వాళ్లు వెనకాల వస్తున్నారా?"

"నోర్ముయ్ అన్నయ్యా. బండి తియ్."

ప్రణతి మేడమ్ వెనక సీట్లో కూర్చుని గమనిస్తోంది. మొదటి స్టాపులో చేపల గంపతో ఒక ముసలామె ఎక్కింది. ముందు పువ్వును చూసింది. ఎవరి పెళ్లి అని అడిగింది. పెళ్లి కాదంది సత్యవేణి. మరి పువ్వెందుకని ముసలామె పట్టీలు చూసింది. పట్టీలెందుకని, అవి ఎక్కడ వంకర తిరిగాయో అక్కడ చూసింది.

"ఓసి, కాన్పయిందే నీకు! ఆర్నెల్లగా బస్సులో కనబడపోతే మానేశావనుకున్నా. పిల్లా, పిల్లోడా?"

"పిల్ల, మామ్మా."

"పాలు సరిపోతున్నాయా? ఎల్లుల్లి కారం తింటన్నావా? సొరపిట్టు తిను, పాలు పడతాయి. నీ కాడ డబ్బులొద్దు, దిగేటప్పుడు రెండు చేపలు తీసుకో."

ఆ మాట ముందు సీట్లకు, అక్కణ్ణించి వెనక సీట్లకు పాకింది. ఆడవాళ్లంతా తలొక మాట చెప్పారు. ఒకామె తన పొట్టను తట్టి, ఇది మా పెద్దాడిది, ఆడికి పెళ్లీడొచ్చింది, ఇది మాత్రం పోలేదు అంది. బస్సంతా గొల్లుమంది. సత్యవేణి పువ్వు ఊడదీసి ఇంజను మూత మీద పెట్టింది. తర్వాతి స్టాపులో గొంతెత్తి హోల్డాన్ అంటే ఏటి గట్టు మీద కొంగలు లేచాయి. తనకొక పొట్ట ఉందన్న సంగతి ఆమెకు తిరుగు ప్రయాణం దాకా గుర్తు రాలేదు.

ప్రణతి మేడమ్ నివేదికలో ఇలా ఉంది: 'ప్రయాణికుల చూపు మళ్లలేదు. పైపెచ్చు కడుపు గురించి బస్సంతటా బహిరంగ చర్చ జరిగినది. ఉద్యోగికి సిగ్గు కలుగలేదు. ఇది ఆత్మవిశ్వాసము కాదు, నిర్లక్ష్యము.'

నివేదిక ప్రకారం, కడుపు మాయమయ్యే దాకా సత్యవేణిని ఎవరి చూపూ పడని చోట ఉంచాలని నిర్ణయించారు. డిపో వెనక, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు పడేసే గది ఉంది. అందులో గొడుగులు, ఒంటి చెప్పులు, క్యారేజీ గిన్నెలు, ఎవరో అచ్చు వేయించి మర్చిపోయిన పెళ్లి శుభలేఖల కట్ట. వాటి మధ్య ఒక కుర్చీ వేశారు. లంకల బస్సు రోజూ ఆ గోడ అవతలే ఆగేది. కొత్త కండక్టరుకు హోల్డాన్ అనడం సరిగ్గా వచ్చేది కాదు. సత్యవేణి గొడుగుల మధ్య కూర్చుని పళ్లు కొరుక్కునేది.

ఇలాగే ఉంటే తనను కూడా ఎవరో మర్చిపోయిన సామానుగా జమకట్టేస్తారని ఆమెకు అర్థమైంది.

ఎదురుగా ఆ గది గోడకూ సర్క్యులర్ అంటించి ఉంది. వేరే పని లేక చదివింది. మళ్లీ చదివింది. అప్పుడే వర్క్‌షాపు ఫోర్‌మాన్ బుల్లబ్బాయి వానకని గొడుగు కోసం వచ్చాడు. బుల్లబ్బాయి ఎక్కడికి వచ్చినా ముందు పొట్ట వస్తుంది, కాసేపటికి ఆయన వస్తాడు.

"బాబాయ్, ఇందులో ఆడోళ్లని ఎక్కడన్నా ఉందేమో చూడు."

బుల్లబ్బాయి పెదాలు కదుపుతూ చదివాడు. "లేదే."

"సిబ్బంది యావన్మందీ అని ఉంది. కడుపున్నట్టు కనబడితే సెలవు. జీతంతో."

బుల్లబ్బాయి జీవితంలో మొదటిసారి తన పొట్ట వైపు గౌరవంగా చూసుకున్నాడు.

విశ్వపతి గారు గుండు దారం వేలాడదీశారు. గుండు బుల్లబ్బాయిని ఎక్కడా తాకకుండా, ఆయనకు చాలా ముందు, గాలిలో ఊగింది. సర్క్యులర్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. కాదనడానికి అందులో ఒక్క అక్షరం లేదు. మంజూరు చేసి, బరువులెత్తవద్దని చెప్పి పంపారు.

మర్నాటికి ఆఫీసు ముందు వరస కట్టారు. ఇంతకాలం బెల్టు బిగించి పొట్ట లోపలికి పట్టినవాళ్లు బెల్టు వదిలేసి వచ్చారు. చాలీచాలని పొట్ట ఉన్న ఒక డ్రైవరు కుండెడు మజ్జిగ తాగి వచ్చాడు. అనుమానం రాకుండా కొందరు మామిడికాయ ముక్కలు నములుతూ నిలబడ్డారు. వారం తిరిగేసరికి డిపోలో బస్సులన్నీ నిలబడి ఉన్నాయి, మనుషులంతా పడుకుని ఉన్నారు.

భుజంగరావు గారు ఊగిపోయారు. "ఇదేం పిచ్చి! మగాళ్లకు కడుపేంటయ్యా?"

"ఆడ మగ తేడా చూపరాదని ఆర్డరుందండి."

"ఆ సర్క్యులర్ రద్దు. రాయండి, ఇప్పుడే సంతకం పెడతా."

"పెడుదురుగాని. ఒక్కసారి లేచి నిలబడతారాండి?"

భుజంగరావు గారు కోపంలో ఆలోచించకుండా లేచారు. గుండు వెళ్లి బల్లకు అవతలి పక్కన పడింది.

విశ్వపతి గారు తల వంచి నమస్కరించారు. "కడుపుతో ఉన్న అధికారి సంతకం చెల్లదండి. మీరు విశ్రాంతి తీసుకోవాలి."

డిపోలో గుండు తిన్నగా దిగినవాళ్లు మిగిలింది విశ్వపతి గారు, ఏసుబాబు. ఒకరు ఇన్‌ఛార్జి మేనేజరు అయ్యారు. ఒకడు డ్రైవరుగానే ఉన్నాడు, కానీ కండక్టరు లేడు.

రాజధాని నుంచి ఫోన్లు మోగుతున్నాయి. సత్యవేణి ఆ సమయం చూసుకుని వచ్చింది.

"అయ్యగారూ, సెలవు మీదెళ్లినోళ్లు తిరిగెప్పుడొస్తారండి?"

"కడుపు తీరాక."

"తీరిందని మనకెలా తెలుస్తాదండి? ఊరికే వచ్చి తీరిందండీ అంటే నమ్మేస్తారా?"

విశ్వపతి గారు రూల్సు పుస్తకం తిరగేశారు. దీనికి రూలు లేదు. రూలు లేని చోట ఆయన ఎప్పుడూ నిలబడలేదు.

"రుజువుండాలి," అన్నారు.

సత్యవేణి ఎదురుగా నిలబడి ఆయన అక్కడికి చేరేదాకా ఓపిగ్గా చూసింది.

"బిడ్డ!" అన్నారాయన. "బిడ్డను హాజరుపరచాలి."

"ఎంత బాగా చెప్పారండి. మరి బిడ్డను చూపించాక కూడా ఇంకా కొంచెం ముందుకే కనబడితే, దాన్నేమనాలండి? రికార్డు కోసం అడుగుతున్నా."

"బిడ్డ బయట ఉండగా అది కడుపెలా అవుతుంది? వేరే మాట రాయాలి." ఆయన కలం ఆగిపోయింది.

"పొట్ట అంటే సరిపోద్దాండి?"

"సిబ్బందికి అర్థమవుతుందంటారా?"

"మగోళ్లకి మరీ బాగా అర్థమవుద్దండి."

గోడ మీద కొత్త కాగితం వెలిసింది. 'కడుపుతో సెలవుపై వెళ్లినవారు తాము కన్న బిడ్డను హాజరుపరచిన పిమ్మటనే తిరిగి విధులలో చేరవలెను. హాజరుపరచిన క్షణము నుండి సదరు కడుపును పొట్టగా పరిగణించవలెను. పొట్టకు ఎట్టి అభ్యంతరమును లేదు.'

అప్పటికే మగవాళ్లకు సెలవు మొహం మొత్తింది. ఇళ్లలో ఆడవాళ్లు ఆఫీసు కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. నడికట్టు బిగించారు. మూడు పూటలా వెల్లుల్లి కారం పెట్టారు. చల్లగాలి తగులుతుందని టీ కొట్టుకు పోనివ్వలేదు. కొత్త కాగితం సంగతి తెలిసి అందరూ డిపోకు పరుగెత్తుకొచ్చారు.

బుల్లబ్బాయి కొడుకును పట్టుకొచ్చాడు. కొడుక్కు మీసాలున్నాయి.

"బిడ్డేగా అండి!"

"మీరే కన్నారా?"

"మా ఆవిడ కనిందండి."

"అయితే ఆవిడను వచ్చి చేరమనండి."

ఒకడు మేకపిల్లను తెచ్చాడు. అది ఫైలు నమిలింది. భుజంగరావు గారు స్వయంగా వచ్చి, నేను ఈ డిపోను కన్నబిడ్డలా చూసుకున్నానయ్యా అన్నారు. డిపోను హాజరుపరచమన్నారు విశ్వపతి గారు.

చివర సత్యవేణి వచ్చింది. పట్టీలు విప్పేసిన ఖాకీ కోటు, అదే నీలం చీర. చిట్టెమ్మ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. పిల్ల గుండు దారం అందుకుని నోట్లో పెట్టుకుంది.

"మీరే కన్నారా?"

"నేనే కన్నానండి."

"నేను పక్కనే ఉన్నాను బాబూ," అంది చిట్టెమ్మ. "అరిచిన అరుపులకి ఈది ఈదంతా సాక్ష్యం."

విశ్వపతి గారు పిల్లను జాగ్రత్తగా చూసి, ముద్ర వేశారు. "కడుపు రద్దయింది. పొట్టతో వెళ్లండి."

ఆ రోజు కోటదిబ్బ నుంచి కదిలిన బస్సు లంకల బస్సు ఒక్కటే. కిటకిటలాడుతోంది. సత్యవేణి జనాన్ని తోసుకుంటూ, పొట్టతోనే దారి చేసుకుంటూ టిక్కెట్లు కొడుతోంది. గేటు దగ్గర భుజంగరావు గారు చెయ్యెత్తారు. పట్నం వెళ్లి పెద్దాఫీసులో మొర పెట్టుకోవాలట. ఆయన ఎక్కాక ఇంక ఎవరికీ ఊపిరి పీల్చే చోటు మిగల్లేదు. ముందు సీటు మీద 'గర్భిణులకు మాత్రమే' అని రాసి ఉంది. అందులో లుంగీ కట్టిన ఒక ఆసామి కునికిపాట్లు పడుతున్నాడు. సత్యవేణి అతని భుజం తట్టింది.

"లేవండి బాబూ. పాపం, పెద్దాయన కడుపుతో ఉన్నారు."

ఆసామి ఉలిక్కిపడి లేచాడు. భుజంగరావు గారు అటూ ఇటూ చూశారు. కాసేపు నిలబడదామనే ప్రయత్నించారు. మలుపులో బస్సు ఒక్క కుదుపు కుదిపేసరికి ఆ సీట్లో కూలబడ్డారు.

సత్యవేణి ఆయన ముందు ఆగి, మర్యాదగా వంగి అడిగింది.

"టిక్కెట్టు ఒకటి కొట్టమంటారా, రెండాండి?"